యజమానికీ ఒక నియామక పత్రం: చిన్న సంస్థ నడిపేవారు తమ జీవితాన్ని తామే రూపొందించుకోవడం ఎలా

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ల మీద విడిభాగాలు తయారుచేసే చిన్న కర్మాగారాన్ని నేను 26 ఏళ్లుగా నడుపుతున్నాను. ఇన్నేళ్లలో పనిలో చేర్చుకున్న ప్రతి ఒక్కరికీ జీతం ఎంతో, పని గంటలు ఎన్నో, వారంలో సెలవు ఏ రోజో, భవిష్యనిధికి ఎంత జమ అవుతుందో కాగితం మీద రాసి ఇచ్చాను. అలాంటి కాగితం లేకుండా మా షెడ్డులో పనిచేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కొన్నేళ్ల కిందట డెంగీ జ్వరంతో 11 రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఆ రోజుల్లో మిషన్లు ఆగలేదు, సరుకు తయారీ ఆగలేదు. అయితే చెక్కు మీద సంతకం చేసే అధికారం నాకు తప్ప ఎవరికీ లేకపోవడం వల్ల శనివారం కూలి బట్వాడాకు డబ్బు తీయడం కుదరలేదు. ఏ భాగానికి ఎంత ధర చెప్పాలో నా మనసులో తప్ప ఎక్కడా రాసి లేకపోవడం వల్ల రెండు కొటేషన్లు వెళ్లలేదు. ఆ శనివారం నా భార్య తన గాజులు కుదువపెట్టి పనివాళ్లకు కూలి చెల్లించింది. ఇంటికి వచ్చిన తరువాత నేను చేసిన మొదటి పని, నన్ను నేను నా సంస్థలో ఒక ఉద్యోగిగా నియమించుకుంటున్నట్టు ఒక పత్రం రాసుకోవడం. అందులో జీతం, పని, సెలవు, విరమణ అనే నాలుగు విషయాలు ఉన్నాయి. సొంత వ్యాపారం నడుపుతూ తృప్తిగా బతకాలనుకునేవారు ఆ పత్రాన్ని ఎలా రాసుకోవచ్చో నా అనుభవం మేరకు ఇక్కడ వివరిస్తున్నాను.

జీతం

చాలామంది యజమానులు ఇంటికి కావలసినప్పుడు గల్లాపెట్టెలోంచి తీస్తారు, దుకాణానికి తక్కువైనప్పుడు ఇంట్లోంచి తెచ్చి పెడతారు. ఇలా పదేళ్లు నడిచిన తరువాత వ్యాపారం ఇంటిని పోషిస్తున్నదో, ఇల్లే వ్యాపారాన్ని పోషిస్తున్నదో చెప్పగలిగినవాడు ఉండడు. కాబట్టి మొట్టమొదట గడచిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ఇంటి ఖర్చు మొత్తం లెక్క కట్టాలి. నెలనెలా వచ్చే సరుకులు, కరెంటు, పాలు మాత్రమే కాకుండా, ఏడాదికొకసారి వచ్చే కాలేజీ ఫీజులు, బీమా ప్రీమియం, పండుగ బట్టలు, పెళ్లిళ్లకు పెట్టే కట్నకానుకలు, ఊరికి వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు కూడా అందులో చేరాలి. ఆ మొత్తాన్ని 12తో భాగించి, పొదుపుకు కొంత కలిపితే వచ్చేది మీ జీతం. ప్రతి నెలా ఒకే తేదీన దాన్ని సంస్థ ఖాతా నుంచి ఇంటి ఖాతాకు బదిలీ చేసి, ఆపైన నెల తిరిగేదాకా సంస్థ డబ్బు ముట్టకూడదు.

ఏకవ్యక్తి యాజమాన్యంలో ఇలా తీసుకున్నది పన్ను లెక్కలో ఖర్చుగా చెల్లదు. భాగస్వామ్య సంస్థలో అయితే ఒప్పంద పత్రంలో రాసుకున్న మేరకు, చట్టం విధించిన పరిమితికి లోబడి, పనిచేసే భాగస్వామి జీతం ఖర్చుగా చెల్లుతుంది. పన్ను సంగతి ఎలా ఉన్నా, మీ సొంత లెక్కలో దాన్ని ఖర్చుగానే రాయండి. ఎందుకంటే మీరు చేసే పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇవ్వవలసి వస్తుందో అంత తీసివేసిన తరువాత మిగిలేదే అసలు లాభం. ఆ లెక్క వేసినప్పుడు ఏమీ మిగలకపోతే బాధ కలుగుతుంది కానీ, ఆ బాధ 55 ఏళ్లకు కాక 35 ఏళ్లకే కలగడం మేలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా గురించి. ఉన్న సరుకును, రావలసిన బాకీలను చూసి బ్యాంకు ఇచ్చిన పరిమితి అది. అందులో ఇంకా వాడుకోవడానికి మిగిలి ఉన్నట్టు కనిపించేది మన సొమ్ము కాదు, తీస్తే వడ్డీ పడే అప్పు. అందులోంచి ఇంటి ఖర్చుకు తీయడమంటే సరుకు తాకట్టు మీద భోజనం చేయడమే. రెండవది జీఎస్టీ గురించి. కొనుగోలుదారు నుంచి వసూలైన పన్ను మన ఖాతాలో కొద్ది వారాలు ఉంటుంది. నెలవారీ రిటర్ను వేసేవారు మరుసటి నెల 20వ తేదీలోగా చెల్లించాలి. ఆ మొత్తాన్ని వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మళ్లించే అలవాటు చేసుకున్న తరువాత నాకు 19వ తేదీ రాత్రి నిద్ర పడుతున్నది.

జీతం నిర్ణయించుకున్న చోటే ఇంకొక అంకె కూడా రాసుకోవాలి. అది 'ఇంత చాలు' అనే అంకె. పిల్లల చదువు, సొంత ఇల్లు, వృద్ధాప్యం, తల్లిదండ్రుల వైద్యం వీటన్నిటికీ ఎంత కావాలో భార్యాభర్తలు కలిసి కూర్చుని లెక్క కట్టి, అంతవరకు సంపాదించడానికి ఎంత పెద్ద వ్యాపారం అవసరమో వెనక నుంచి లెక్కించుకోవాలి. ఈ అంకె లేనివారికి వచ్చిన ప్రతి ఆర్డరూ తీసుకోవలసినదిగానే కనిపిస్తుంది. నేను రెండవ షెడ్డు తీసుకుందామని అడ్వాన్సు ఇవ్వబోయే రోజున ఈ అంకె చూసుకుని ఆగాను. ఆ షెడ్డు తీసుకున్నా లాభమే వచ్చేదేమో, కానీ ఆ లాభంతో కొనవలసినది మా ఇంట్లో ఏదీ లేదు.

ఇల్లు కూడా బ్యాంకు తాకట్టులో ఉంటే ఎంత సంపాదించినా మనసు కుదుటపడదు. పూచీకత్తు లేకుండా చిన్న సంస్థలకు ఇచ్చే రుణాలకు హామీగా ఉండేందుకు 2000లో ఏర్పడిన సీజీటీఎంఎస్ఈ నిధి ఉన్నది. ఇంటి పత్రాలు ఇచ్చే ముందు ఆ మార్గం గురించి బ్యాంకు మేనేజరును తప్పక అడగాలి. అలాగే వివాహిత పురుషుడు తన జీవిత బీమాను 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేర తీసుకుంటే, ఆ సొమ్ము వారి కోసం ఉన్న ట్రస్టు అవుతుంది; అప్పులవాళ్లను మోసగించే ఉద్దేశంతో తీసుకున్నదని రుజువైతే తప్ప ఆ అప్పులవాళ్లకు దాని మీద హక్కు ఉండదు. ఈ ఏర్పాటును పాలసీ తీసుకునే సమయంలోనే దరఖాస్తుతోపాటు చేయించుకోవాలి, తరువాత చేర్చడానికి వీలుండదు. వ్యాపారం చేసే ప్రతి గృహస్థుకూ ఈ ఒక్క విషయం తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పని

నియామక పత్రంలో రెండవ విషయం, యజమాని చేయవలసిన పని ఏమిటన్నది. దీన్ని ఊహించి రాయకూడదు. రెండు వారాలపాటు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ప్రతి అరగంటకూ ఏం చేశారో రాయండి. మహిళా యజమాని అయితే ఇంట్లో వంటకు, పిల్లలకు, పెద్దవాళ్లకు వెచ్చించే గంటలను కూడా అదే పుస్తకంలో పనిగానే రాయాలి. వాటిని విడిచిపెట్టి వేసుకున్న కాలపట్టిక ఆమె నిద్రలోంచి కోత కోస్తుంది. రెండు వారాల తరువాత ఆ పుస్తకం చదివితే, మీరు తప్ప ఇంకెవరూ చేయలేనివి చాలా తక్కువ ఉంటాయి. నేను రాసుకున్నప్పుడు రోజుకు రెండు గంటలకు మించి తేలలేదు. మిగిలిన సమయమంతా నేర్పితే ఇతరులు చేయగలిగిన పనులకూ, అసలు ఎవరూ చేయనక్కరలేని పనులకూ పోయింది.

నేర్పడం ఓపికతో కూడిన పని. ధరలు కట్టే విద్యను మా ఫోర్‌మన్‌కు అప్పగించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మొదట ముడి ఇనుము ధర, మిషన్ గంటకు అయ్యే ఖర్చు, టూలు అరుగుదల, తరుగు, మన లాభం వీటిని ఒక పుస్తకంలో వరుసగా రాశాను. తరువాత ఆరు నెలలు అతను ధర కట్టి నాకు చూపించేవాడు, నేను దిద్దేవాణ్ణి. ఆ తరువాత ఆరు నెలలు అతనే పంపేవాడు, నేను నెలాఖరున చూసేవాణ్ణి. అతను రెండుసార్లు తక్కువ కట్టాడు, మాకు నష్టం వచ్చింది. ఆ నష్టాన్ని శిక్షణ ఖర్చుగా రాసుకున్నాను. ఆ సమయంలో 'చూశావా, నేనే చేసుకుంటే పోయేది' అని పని తిరిగి లాక్కున్న యజమానికి ఇక జీవితాంతం ఆ పని నుంచి విడుదల ఉండదు.

సంతకం సంగతి ఇంతకంటే తేలిక. బట్వాడాకు, కరెంటు బిల్లుకు, ముడిసరుకుకు సరిపడే పరిమితి వరకు ఇంకొకరు సంతకం చేసేలా బ్యాంకుకు అధికార పత్రం ఇవ్వవచ్చు. అన్నీ ఏర్పాటు చేసిన తరువాత పరీక్ష పెట్టాలి. మొదట రెండు రోజులు, తరువాత వారం రోజులు ఊరు విడిచి వెళ్లి, రోజుకు ఒక్కసారి, ఒకే సమయంలో తప్ప ఫోను ఎత్తకుండా ఉండండి. తిరిగి వచ్చాక ఎక్కడెక్కడ పని ఆగిందో అడిగి రాసుకోండి. ఆగిన ప్రతి చోటా మీరు ఇంకా అప్పగించని పని ఒకటి ఉంటుంది.

ఎవరికి అమ్ముతామన్నది

పత్రంలో లేని విషయమైనా దీన్ని చెప్పక తప్పదు, ఎందుకంటే యజమాని రోజు ఎలా గడుస్తుందన్నది అతని కొనుగోలుదారుల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. నాకు తెలిసిన వ్యాపారస్థుల్లో నిద్ర పట్టనివారిలో ఎక్కువమందికి అమ్మకాలు తక్కువై కాదు, బకాయిలు ఎక్కువై నిద్ర పట్టదు. సరుకు ఇచ్చి, పన్ను కట్టి, ముడిసరుకువాడికి చెల్లించి, కూలి ఇచ్చి, రావలసిన డబ్బు కోసం ఐదు నెలలు తిరిగేవాడికి పిల్లల పుట్టినరోజు గుర్తుండదు.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, ఉద్యమ్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న ఉత్పత్తి, సేవా సంస్థ నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అది ఎంత రాసుకున్నా 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన పడుతుంది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, అంటే 2023-24 ఆదాయం లెక్క నుంచి, ఇంకొక ఒత్తిడి కూడా వచ్చింది: ఆ గడువు దాటిన బాకీని కొనుగోలుదారు నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే తన ఆదాయం నుంచి ఖర్చుగా తీసివేసుకోగలడు. కాబట్టి ప్రతి బిల్లు మీద ఉద్యమ్ నంబరు, చెల్లింపు గడువు అచ్చు వేయించండి. ఫిర్యాదుకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉన్నది. అయితే కోర్టు మెట్లు, పోర్టల్ మెట్లు ఎక్కే ముందే చేయవలసిన పని ఇంకొకటి ఉన్నది. ఏడాదికొకసారి కొనుగోలుదారుల జాబితా తీసి, ఎవరు ఎన్ని రోజులకు చెల్లించారో ఒక వరుసలో, వారితో మాట్లాడిన తరువాత మన మనసు ఎలా ఉన్నదో ఇంకొక వరుసలో రాసి, రెండింటిలోనూ అట్టడుగున ఉన్నవారికి మర్యాదగా సెలవు చెప్పాలి. మొత్తం అమ్మకాల్లో మూడో వంతుకు మించి ఒక్కరే కొంటూ ఉంటే అతన్ని వదులుకోలేం. అప్పుడు చేయవలసినది కొత్తవారిని వెతుక్కోవడం. అంతవరకు మన పనివేళలు, సెలవులు, చివరకు మన మాట తీరు కూడా అతని చేతిలోనే ఉంటాయి.

సెలవు

వారానికి ఒక రోజు అన్నది అందరికీ తెలిసినదే కనుక దాని గురించి ఎక్కువ చెప్పను. ఆ రోజు ఫోను ఇంకొకరి దగ్గర ఉండాలి, అంతే. నలభై దాటిన తరువాత ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోవడాన్ని మిషన్ సర్వీసింగుతోపాటు ఒకే క్యాలెండర్‌లో రాసుకోండి.

దీనికంటే పెద్ద విషయం స్నేహం. వ్యాపారంలో పడిన కొన్నేళ్లకు మన చుట్టూ ఉన్నవారంతా మనకు ఇవ్వవలసినవారో, మనం ఇవ్వవలసినవారో అయిపోతారు. కలిసి చదువుకున్నవాడు కూడా చేబదులు అడిగినవాడిగానో, ఇచ్చినవాడిగానో మారిపోతాడు. డబ్బు ప్రసక్తి ఎన్నటికీ రానివ్వకూడని ఇద్దరు ముగ్గురు మనుషులను ఎంచుకుని, వారి దగ్గర అప్పు తీసుకోకుండా, వారికి సరుకు అమ్మకుండా కాపాడుకోవాలి. కష్టం వచ్చినప్పుడు నిజం చెప్పుకోవడానికి వారు కావాలి. బ్యాంకుకు ధైర్యంగా కనిపించాలి, పనివాళ్లకు ధైర్యంగా కనిపించాలి, ఇంట్లో ధైర్యంగా కనిపించాలి అనుకుంటూ ఒక్కడే మోసే బరువు మనుషులను లోపల నుంచి కూల్చివేస్తుంది. ఎవరితోనూ చెప్పుకోలేని స్థితి వస్తే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును మా షెడ్డు గోడ మీద అగ్నిమాపక కేంద్రం నంబరు పక్కనే రాయించాను.

నష్టం వస్తే ఎంతవరకు భరిస్తామన్నది కూడా వ్యాపారం బాగున్న రోజుల్లోనే రాసుకోవలసిన విషయం. ఎన్ని నెలలు వరుసగా జీతం తీసుకోలేకపోతే, పొదుపులో ఎంత కరిగిపోతే మూసివేత గురించి ఆలోచిస్తామో భార్యాభర్తలిద్దరూ అంకెలతో సహా రాసి సంతకం చేసుకోవాలి. మునుగుతున్నప్పుడు ఎవరికీ ఆ గీత కనిపించదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇంకొక నెల గడుపుదామనిపిస్తుంది. అది ఏడాదికి 36 శాతం. మా పనిలో అంత లాభం ఇచ్చే విడిభాగం నేను ఇంతవరకు చూడలేదు.

సంపాదన పక్కన ఇంకొక పని

విరమించిన తరువాత సమాజానికి ఏదైనా చేద్దామనుకునేవారు చాలామంది ఉంటారు. డాక్టర్ కల్లం అంజిరెడ్డి అలా ఆగలేదు. 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ అనే మందుల సంస్థను స్థాపించిన ఆయన, సంస్థ ఇంకా వేగంగా ఎదుగుతున్న కాలంలోనే 1996లో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్‌ను, 1998లో నాంది ఫౌండేషన్‌ను, ఈ రెండు సేవా సంస్థలనూ ప్రారంభించడానికి ముందుకు వచ్చారు. మన స్థాయికి అంత పెద్దవి సాధ్యం కావు, అవసరమూ లేదు. మనకు బాగా తెలిసిన విద్యను ఇంకొకరికి చేరవేయడం చాలు. నేను ఏటా ఇద్దరు ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుని, శనివారం మధ్యాహ్నాలు వాళ్లకు డ్రాయింగు చదవడం, మైక్రోమీటర్ పట్టడం నేర్పుతున్నాను. వారం మొత్తంలో నేను గడియారం చూసుకోని గంటలు అవే. నియామక పత్రంలో ఆ గంటలను పనిగంటల కిందే రాసుకున్నాను, లేకపోతే ఏదో ఒక అత్యవసరం వాటిని మింగివేస్తుంది.

విరమణ

1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతోనే సంస్థ రద్దవుతుంది. ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు పోతే భాగస్వామ్యమే మిగలదు. ఏకవ్యక్తి సంస్థకు యజమానిని మించిన ఉనికి లేదు. కంపెనీకీ, 2008 చట్టం కింద ఏర్పడే ఎల్‌ఎల్‌పీకీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం) ఆ చిక్కు ఉండదు. కాబట్టి యాభై ఏళ్లు దాటేలోగా సంస్థ రూపం గురించి ఆడిటరుతో మాట్లాడి, వీలునామా రాసి రిజిస్టరు చేయించాలి. ఖాతాకు నామినీగా ఉన్న మనిషి సాధారణంగా ఆ సొమ్మును వారసుల కోసం అందుకునేవారే తప్ప దానికి హక్కుదారు కారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పిల్లలను అడగకుండా వారసులుగా నిర్ణయించకండి. కుమారుడికి షెడ్డు, కుమార్తెకు నగలు అన్న పాత లెక్క కూడా మానుకోవలసినదే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానమైన హక్కును దేశమంతటికీ 2005లో ఇచ్చారు కానీ, ఆంధ్రప్రదేశ్ ఆ సవరణను 1986లోనే తెచ్చింది. చట్టం ఎలా ఉన్నా, లేత్ దగ్గర నిలబడి ఆసక్తిగా చూసే బిడ్డ ఎవరో తండ్రికి తెలుస్తుంది.

పగ్గాలు వదలడం ఎంత కష్టమో పెద్ద సంస్థల్లోనూ చూశాం. ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి 65 ఏళ్లు నిండినప్పుడు 2011లో చైర్మన్ పదవి నుంచి విరమించారు; 2013లో సంస్థ పిలుపుతో తిరిగి వచ్చి, 2014లో మళ్లీ తప్పుకున్నారు. అంత క్రమశిక్షణ ఉన్న సంస్థలోనే అలా జరిగినప్పుడు, ఒక్క మనిషి చుట్టూ అల్లుకున్న మన షెడ్లలో ఇంకా ఎంత ముందుగా సిద్ధపడాలో ఆలోచించాలి. నేను నా పత్రంలో 62 ఏళ్లు నిండిన సంవత్సరం మార్చి 31ని చివరి పనిదినంగా రాసుకున్నాను. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కించి ఏ ఏడాదికి ఏ పని ఎవరికి అప్పగించాలో పక్కన రాశాను. ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం నా భార్యా నేనూ ఆ పత్రం తీసి, జీతం మార్చాలా, ఏ పని ఇంకా నా చేతిలోనే ఉండిపోయింది, సెలవులు ఎన్ని పోయాయి అని చూసుకుని, మార్పులు రాసి ఇద్దరం సంతకాలు చేస్తాం.

ధరల పుస్తకం ఇప్పుడు ఫోర్‌మన్ సొరుగులో ఉంటున్నది. పోయిన దీపావళి తరువాత నేను దాన్ని తెరవలేదు.